అడ్డుగీతల విద్య: నోడ్ నేర్చుచున్న ఉద్యోగార్థులకు

తిరుమలగిరి అను పేరు గల ఊళ్లు తెలంగాణమున ఒకటి రెండు కావు. సూర్యాపేటనుండి జనగామకు పోవు రహదారిపై వ్యవసాయ మార్కెట్టు గల పట్టణము ఒకటి. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరపు చేరువ మండలకేంద్రమై యున్నది మఱియొకటి. సికింద్రాబాదు కంటోన్మెంటున ఇంకొకటి. ఈ మొదటి తిరుమలగిరినుండి ఉద్యోగార్థియై హైదరాబాదునకు వచ్చిన యువకుడు ఇంటర్వ్యూలో తన ఊరి పేరు చెప్పినప్పుడు, ఎదుట కూర్చున్నవారు కంటోన్మెంటునే తలచుకొని తలయూపుట సహజము, “ఏ తిరుమలగిరి?” అని అడిగి తెలిసికొనువారు కొలదిమంది. కంప్యూటరులోను ఇట్టి పేరుల పొరపాటు నిత్యము జరుగుచుండును. ఒకే ల్యాప్‌టాపునందు నోడ్ అను పేరుతో రెండు మూడు వెర్షనులు వేఱువేఱు తావుల వెలసి యుండవచ్చును: ఒకటి కోచింగు కేంద్రమువారు పెట్టినది, ఒకటి మొన్న స్నేహితుడు పెట్టినది. టెర్మినలున పిలిచినప్పుడు పలుకుచున్నది వానిలో ఏదియో తెలియక, నిన్న నడచిన ప్రోగ్రాము నేడేల నడువదని రాత్రియెల్ల తల పట్టుకొని కూర్చున్న విద్యార్థులు ఎందఱో కలరు. “నీవు ఏ నోడ్‌వు?” అని దానినే అడుగుటకు కావలసినది ఒక అడ్డుగీత, దాని ప్రక్కన ‘వి’ అను ఒక్క అక్షరము. ఇట్లు అడ్డుగీతతో మొదలగు మాటలను కమాండ్ లైన్ ఆప్షనులు అందురు. ఉద్యోగమునకు సిద్ధపడు విద్యార్థి వీనిని ఏల నేర్వవలెనో, ఎంతవఱకు నేర్వవలెనో విచారించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

జావాస్క్రిప్ట్ భాష 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ చేత బ్రౌజరు కొఱకు నిర్మింపబడినది. పదునాలుగేండ్లకు పిదప, 2009లో, రయన్ డాల్ అను యువకుడు గూగుల్ వారి వీ8 ఇంజనును బ్రౌజరునుండి వెలికి తెచ్చి, ఫైళ్లను చదువుటకును నెట్‌వర్కుతో మాటాడుటకును వలయు సామర్థ్యమును దానికి జతపఱచి, నోడ్ అను పేరిట ఆ యేటి నవంబరులో బెర్లిన్ నగరపు సభలో ప్రదర్శించెను. బ్రౌజరు లేకయే జావాస్క్రిప్టును నడుపగల ఇట్టి సాధనమునకు రన్‌టైమ్ అని పేరు. తరువాతి కాలమున ఆ డాల్ గారే డీనో అను మఱియొక రన్‌టైమును సృజించిరి. 2023లో బన్ అను మూడవదాని ప్రథమ పూర్ణ వెర్షను వెలువడినది. మన విద్యార్థికి మొదట ఎదురగునది నోడ్ కనుక, ఈ ప్రసంగము దానినే ఆశ్రయించి సాగును.

అమీర్‌పేట మైత్రీవనపు చుట్టుపట్లనున్న కోచింగు కేంద్రములలో ‘ఫుల్ స్టాక్’ అను పేర బోధింపబడు కోర్సులు రియాక్ట్, ఎక్స్‌ప్రెస్, మాంగోడీబీ మొదలగు వానిపైననే దృష్టి నిలుపును. వానినెల్ల మోయుచున్న నోడ్‌ను గుఱించి చెప్పునది, దానిని ఎట్లు ఇన్‌స్టాల్ చేయవలెనో, ఫైలు పేరు ముందు దాని పేరెట్లు టైపు చేయవలెనో, అంతమాత్రమే. ఆ కేంద్రములను నిందించుట నా అభిప్రాయము గాదు. కొలది నెలలలో అన్నియు చెప్పి ముగింపవలసిన గురువు పునాదిని తడవుచు కూర్చుండలేడు. కాని అభ్యర్థులందఱి రెజ్యూమెలలో అవే నాలుగు పేర్లు, అదే షాపింగు సైటు ప్రాజెక్టు కనిపించుచుండగా, పరీక్షించువాడు ఒకనినుండి మఱియొకని వేఱుపఱచుట యెట్లు? చెడిపోయిన ప్రోగ్రామునొకదానిని ముందుంచి, “దీనిని ఎక్కడనుండి పరిశీలింప మొదలిడుదువు?” అని అడుగును. అప్పుడు అక్కఱకు వచ్చునది లైబ్రరీల పేర్ల పరిచయము గాక, సాధనమునే ప్రశ్నించి సమాధానము రాబట్టు అలవాటు.

ఈ అలవాటు మెట్టప్రాంతపు పేద విద్యార్థికి ఒక విధమున అనుకూలమైన విద్య. నాలుగు గిగాబైట్ల మెమరీ గల పాత ల్యాప్‌టాపున భారీ సాఫ్ట్‌వేరులు తెఱచినచో ఫ్యాను మ్రోతయే గాని పని సాగదు. వీడియో పాఠములు చూచుటకు ఫోను డేటా సాయంకాలమునకే అయిపోవును. టెర్మినలునకు ఈ బెడద లేదు. నోడ్‌ను ఒకసారి ఇన్‌స్టాల్ చేసికొన్న పిమ్మట, రెండు అడ్డుగీతలతో ‘హెల్ప్’ అని వ్రాసినచో, ఇంటర్నెట్టుతో పని లేకుండ, ఆ వెర్షనునందలి నోడ్ ఆప్షనులు ఒక్కొక్క పంక్తి వివరణముతో తెఱపై పఱచుకొనును. లినక్స్ వాడువారికి మాన్ పేజీ యొకటి అదనముగా లభించును. ఇంతకంటె చౌకయైన పాఠ్యగ్రంథమును నేనెఱుగను. అందలి ఆంగ్లము సరళము, వాక్యములు పొట్టివి. తెలుగు మాధ్యమమున చదివి ఆంగ్లమన్న బెదరువారికి సాంకేతికాంగ్లము అలవడుటకును ఆ జాబితా మంచి మెట్టు.

ఇక ఆప్షనుల రచనావిధానము. ఒక అడ్డుగీత, ఒక అక్షరము అనునది యూనిక్స్ తొలినాళ్లనుండి వచ్చిన ఆచారము. రెండు అడ్డుగీతలు, పూర్తి పదము అనునది గ్నూ ప్రాజెక్టువారు వ్యాపింపజేసిన పద్ధతి. నోడ్ ఈ రెంటిని అంగీకరించును: ‘వి’ అన్నను ‘వెర్షన్’ అన్నను ఉత్తరమొకటే. అంతకంటె ముఖ్యమైనది స్థానము. మొదట నోడ్ పేరు, పిదప నోడ్‌కు చెందిన ఆప్షనులు, పిదప ఫైలు పేరు, ఆ ఫైలు పేరు తరువాత వ్రాసినదెల్ల ఆ ప్రోగ్రామునకు చెందును. ఈ వరుసను ఉల్లంఘించుట వలన కలుగు చిక్కు విచిత్రమైనది. ఆప్షను అక్షరములను తప్పుగా వ్రాసినచో నోడ్ వెంటనే చెడ్డ ఆప్షనని కేకవేసి, 9 అను నిష్క్రమణ సంఖ్యతో ఆగిపోవును. కాని అక్షరములు సరిగా నుండి స్థానము తప్పినచో కిక్కురుమనదు. ప్రోగ్రాము నడచును, ఆప్షను ఫలింపదు, దోషమెక్కడనో సూచనయైనను ఉండదు. ‘వాచ్’ అను ఆప్షను విషయమై హాస్టలు గదులలో ఇట్టి సంభాషణ వినబడుట కద్దు:

“అన్నా, వాచ్ పెట్టిన గదా, ఫైల్ మార్చినా మల్ల షురూ అయితలేదేంది?”

“ఏడ పెట్టినవ్ తమ్మీ?”

“ఫైల్ పేరు ఎనుక.”

“గట్లయితే గది నోడ్‌కు ముట్టలే, నీ ప్రోగ్రాంకు ముట్టింది. ముంగట పెట్టు.”

ఈ నాలుగు మాటలలో ఒక మంచి ఇంటర్వ్యూ ప్రశ్నకు సమాధానము ఇమిడియున్నది. నోడ్ తాను గ్రహించిన ఆప్షనులను ‘ఎగ్జెక్ ఆర్గ్‌వి’ అను పట్టికలోను, ప్రోగ్రామునకు చేరిన మాటలను ‘ఆర్గ్‌వి’ అను పట్టికలోను వేఱువేఱుగ ఉంచును. రెండవ పట్టికలో మొదటి రెండు స్థానములు నోడ్ దారికిని ఫైలు దారికిని పోవును గనుక, మనము వ్రాసిన మాటలు 2వ సంఖ్యనుండి మొదలగును. ఈ రెండు పట్టికలను కన్నులార అచ్చొత్తించి చూచినవాడు ఇక ఎన్నడును స్థానభ్రమకు లోనుగాడు. చిన్న చిన్న లెక్కలు చూచుటకైతే ఫైలు వ్రాయవలసిన పని కూడ లేదు: ‘పి’ అను ఆప్షను ఇచ్చి కొటేషనుల నడుమ చిన్న వాక్యము వ్రాసినచో నోడ్ దానిని లెక్కించి ఫలితమును అక్కడికక్కడే చూపును. విండోస్ వారి పాత కమాండ్ కిటికీలో మాత్రము జంట కొటేషనులే పనిచేయును, ఒంటి కొటేషనులు చెల్లవు. ఇంటర్నెట్టున లినక్స్ వారి ఉదాహరణములను యథాతథముగా అంటించి విఫలులైనవారు ఈ సంగతి గ్రహింపవలెను.

వెర్షనుల విషయమునకు వత్తము. నోడ్ క్రొత్త ప్రధాన వెర్షనులు ఏప్రిలు, అక్టోబరు నెలలలో వెలువడు మర్యాద చాలకాలముగ నడచినది. సరిసంఖ్యల వెర్షనులకు దీర్ఘకాలపు సంరక్షణ లభించెను, బేసిసంఖ్యలవి అల్పాయువులు. సంస్థలు సరిసంఖ్యలనే వాడుటకు హేతువిది. 18వ వెర్షను సంరక్షణ 2025 ఏప్రిలులో ముగిసినది. అయినను దాని పైననే ఆధారపడిన ప్రాజెక్టులు కొనసాగుచునే యుండును, ఏలయన సంస్థలలో మార్పు మందగమనమున వచ్చును. ఆ కారణము చేతనే ఒక ఆప్షను ‘ఉన్నదా లేదా’ అనుట చాలదు, ‘ఎప్పటినుండి’ అనునది తెలియవలెను. నోడ్ అధికారిక గ్రంథములో దాదాపు ప్రతి ఆప్షను క్రిందను అది ప్రవేశించిన వెర్షను సంఖ్య ముద్రితమై యుండును. చదువువారు సాధారణముగా దానిని దాటిపోవుదురు. దాటిపోవలదని నా మనవి.

దీనికి తార్కాణముగ ఒక ప్రసిద్ధోదంతము చెప్పవచ్చును. 2021 అక్టోబరులో వెలువడిన 17వ వెర్షను, గూఢలిపి పనులకై ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మూడవ వెర్షనును స్వీకరించెను. అందులో ఎండీ4 వంటి జీర్ణపద్ధతులు సహజముగా మూసివేయబడినవి. కాని నాడు బహుళ ప్రచారమున నున్న వెబ్‌ప్యాక్ నాలుగవ వెర్షను ఫైళ్లకు గుర్తులు కట్టుటకు ఆ ఎండీ4నే వాడుచుండెను. ఫలితముగా, అంతకు ముందటి దినమువఱకు చక్కగ నడచిన రియాక్ట్ ప్రాజెక్టులు నోడ్‌ను నవీకరించిన మఱుక్షణమే కూలినవి. దీనికి విరుగుడుగా ఊరూరను ప్రచారమైన ఉపాయము ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లెగసీ ప్రొవైడర్’ అను ఆప్షనును ‘నోడ్ ఆప్షన్స్’ అను ఎన్విరాన్‌మెంటు వేరియబుల్‌లో ఉంచుట. ఆ వేరియబుల్‌లో వ్రాసిన ఆప్షనులు మనము ప్రతిసారి టైపు చేయకున్నను ప్రతి నోడ్‌కును వర్తించును. పని జరిగినదని సంతోషించి విద్యార్థి దానిని శాశ్వతముగా అమర్చుకొనును; కొంత కాలమునకు వేఱొక పాత ప్రాజెక్టు కొఱకు 14వ వెర్షనునకు మరలగా, ఆ వెర్షనునకు ఈ ఆప్షను తెలియదు గనుక, ఏ ప్రోగ్రామును నడువక, ఇది అనుమతింపబడదను మాటయే ప్రతి దానికిని ఎదురగును. మందు వికటించి కొత్త రోగమైనట్లు. అతడు నిందించునది ప్రాజెక్టును. దోషమున్నది తాను మఱచిన వేరియబుల్‌లో. ఉద్యోగములో చేరిన వానికి ఇట్టి సమస్య వచ్చినచో మొదట చేయవలసినది ఆ వేరియబుల్‌ను అచ్చొత్తించి చూచుట, రెండవది వెబ్‌ప్యాక్‌ను నవీకరించు ప్రయత్నము. ఆ ఆప్షనును వాడుట తాత్కాలికోపశమనము మాత్రమే. ఈ మూడు మాటలను ఈ క్రమమున చెప్పగల అభ్యర్థిని నేనైతే వదలుకొనను.

తెలుగువానికి మఱింత దగ్గఱి దృష్టాంతమొకటి కలదు. తిరుమలగిరి మార్కెట్టు యార్డు కొఱకు విద్యార్థి యొకడు చిన్న ప్రోగ్రాము వ్రాయ సంకల్పించెననుకొందము: పంట పేరు, బస్తాల సంఖ్య, క్వింటాలు ధర ఇచ్చినచో తెలుగు తేదీతో, రైతునకు అమ్మకపు లెక్కగా ఇచ్చు తక్‌పట్టీ వంటి చీటీ వెలువడవలెను. నలువది కిలోల బస్తాలు 125 తూగినచో 50 క్వింటాళ్లు. 2024-25 సంవత్సరమున ‘ఎ’ రకపు వడ్లకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,320 రూపాయలు. గుణించినచో 1,16,000 రూపాయలు. ఈ మొత్తమును మన లెక్క ప్రకారము లక్ష తరువాత కామాతో వ్రాయుము, నెల పేరు తెలుగున వ్రాయుము అని జావాస్క్రిప్టును కోరుటకు ‘ఇంటల్’ అను అంగమున్నది. భాషగా తెలుగును, దేశముగా భారతమును పేర్కొనుట చాలును. అయితే 2019 అక్టోబరులో 13వ వెర్షను వెలువడువఱకు నోడ్ అధికారిక ప్రతులలో ఆంగ్లమునకు మాత్రమే సంబంధించిన సమాచారముండెను. తెలుగు అడిగినను అది దోషమని చెప్పక, మౌనముగా అమెరికా రీతికి జాఱి, 116,000 అని కామాను వేయి దగ్గఱ మాత్రమే పెట్టి, నెల పేరు ఆంగ్లమున ముద్రించెడిది. రైతునకు ఆ చీటీ చూపినచో అది లక్షయా, మఱేమియా అని తడుముకొనవలసినదే.

నాడు దీనికి మార్గము, భాషల సమాచారమెల్ల గల ఐసీయూ ఫైలును వేఱుగ తెచ్చుకొని, ‘ఐసీయూ డేటా డిర్’ అను ఆప్షనుతో దాని తావును నోడ్‌కు చూపుట. 13వ వెర్షనునుండి సకల భాషల సమాచారము సహజముగనే చేరుటచే ఆ అవసరము తీఱినది. ఇది గడచిన కథ గదా, ఇప్పుడేల అని అనుకొనవలదు: స్థలము పొదుపు చేయుటకు కుదించి కట్టిన ప్రతులలో నేటికిని ఈ లోపము తలయెత్తవచ్చును, అట్టి చోట కారణమును ఒక్క నిమిషములో ఊహింపగలవాడు, జావాస్క్రిప్టే తెలుగునెఱుగదని చెప్పి తప్పించుకొనువానికంటె సంస్థకు విలువైనవాడు.

ఆ చీటీ ప్రోగ్రామునే మంచి ప్రాజెక్టుగా పెంచవచ్చును. పంట, బస్తాలు, ధర అనువానిని ప్రశ్నల రూపమున అడుగుటకు మాఱుగా, ప్రోగ్రామునకు దానివే ఆప్షనులుగా ఏర్పఱుపవలెను. 2022నుండి నోడ్‌లోనే ‘పార్స్ ఆర్గ్స్’ అను సాధనము అందుకొఱకు వెలసినది, బయటి ప్యాకేజీ అక్కఱలేదు. సంఖ్య ఇవ్వవలసిన చోట అక్షరములిచ్చినచో ఏమనవలెను, ధర మఱచినచో ఏమి చేయవలెను, హెల్ప్ అడిగినచో ఏమి చూపవలెను, హమాలీ ఖర్చులు తీసివేయుటకు ఆప్షను పేరేమి పెట్టవలెను అని ఆలోచించుచుండగా, విద్యార్థికి ఆప్షనులు వాడువాని స్థానమునుండి వానిని కల్పించువాని స్థానమునకు మాఱుట సంభవించును. లెక్క సరిగా వచ్చుచున్నదో లేదో సరిచూచుటకు ‘టెస్ట్’ అను ఆప్షను కూడ 18వ వెర్షనునుండి కలదు. నగరపు షాపింగు సైటు నకళ్ల నడుమ ఈ తక్‌పట్టీ ప్రాజెక్టు కంటికి ఆనుననుటలో నాకు సందేహము లేదు. ఏలయన దానిని గుఱించి ప్రశ్నించినప్పుడు అభ్యర్థి తన ఊరి కాంటా దగ్గఱ చూచినదానినే చెప్పును, కంఠస్థము చేసినది అప్పగింపడు.

నిత్యోపయోగమున నున్న మఱి కొన్నిటిని త్వరగా ముట్టి పోదును. ‘చెక్’ ప్రోగ్రామును నడుపకయే వ్యాకరణదోషములను చూచును. ‘వాచ్’ ఫైలు మాఱినంతనే ప్రోగ్రామును తిరిగి మొదలిడును. 2022లో ఇది వచ్చు పర్యంతము నోడ్‌మాన్ అను ప్యాకేజీ ఆ పని చేయుచుండెను, పాత ప్రాజెక్టులలో నేటికిని చేయుచున్నది. ‘ఎన్వ్ ఫైల్’ అనునది 2023లో 20.6 వెర్షనుతో వచ్చినది. డేటాబేసు సంకేతపదముల వంటి రహస్యములను వేఱు ఫైలునుండి చదువును. ఒకే పేరు ఫైలులోను ఎన్విరాన్‌మెంటులోను ఉన్నచో ఎన్విరాన్‌మెంటుదే పైచేయి యని జ్ఞప్తినుంచుకొనవలెను. ఆ ఫైలును గిట్‌హబ్‌నకు ఎక్కించుట మాత్రము క్షమింపరాని తప్పు. అభ్యర్థి రెజ్యూమెలో ఇచ్చిన గిట్‌హబ్ పుటను పరీక్షకులు తెఱచి చూతురనియు, అందు తొలుత కంటబడునవి ఇట్టివే యనియు మఱువరాదు.

మెమరీని గుఱించిన ఆప్షను వేఱుగ చెప్పదగినది. పెద్ద ఫైళ్లతో పనిచేయునప్పుడు ‘హీప్’ నిండినదని చెప్పి ప్రోగ్రాము చచ్చిపోవుట కలదు. అప్పుడు ‘మ్యాక్స్ ఓల్డ్ స్పేస్ సైజ్’ అను ఆప్షనునకు మెగాబైట్లలో సంఖ్యనిచ్చి హద్దు పెంచవచ్చును. ఎంత పెంచవలెను? రెండు గిగాబైట్ల యంత్రమున 1536 ఇచ్చి, మిగిలినది ఇతర పనులకు విడుచుట మేలని నోడ్ అధికారిక గ్రంథమే సూచించుచున్నది. యంత్రములో ఉన్నదంతయు నోడ్‌కే రాసియిచ్చినచో, ఆపరేటింగు సిస్టము డిస్కును మెమరీగా వాడ మొదలిడి, సర్వమును నత్తనడక పట్టును. అయితే ఇంటర్వ్యూలో ఈ ఆప్షను పేరు చెప్పి ఆగరాదు. పది లక్షల పంక్తుల ఫైలును ఒక్కమాఱుగా మెమరీలోనికి లాగుచున్న ప్రోగ్రామునకు హద్దు పెంచుట పరిష్కారము గాదు. దానిని కొంచెము కొంచెముగా స్ట్రీమ్ రూపమున చదివించుట పరిష్కారము. హద్దు పెంచుట ఎప్పుడు న్యాయ్యమో, ఎప్పుడు సోమరితనమో విచక్షణ చేయగల అభ్యర్థి పరీక్షకుని దృష్టిలో నిలుచును.

దోషాన్వేషణమునకు రాజమార్గము ‘ఇన్‌స్పెక్ట్’. ఈ ఆప్షనుతో నడిపినచో నోడ్ తన యంత్రముననే, 127.0.0.1 అను చిరునామాలో 9229వ పోర్టున చెవియొగ్గి కూర్చుండును. క్రోమ్ బ్రౌజరునుండి గాని వీఎస్ కోడ్‌నుండి గాని దానిని చేరి, ప్రోగ్రామును పంక్తి పంక్తికి నిలుపుచు, ఆ క్షణమున ఏ వేరియబుల్‌లో ఏమున్నదో చూడవచ్చును. ‘ఇన్‌స్పెక్ట్ బీఆర్‌కే’ యనునది మన కోడు మొదలు కాకమునుపే ఆపును, గనుక ఆరంభముననే కూలు ప్రోగ్రాములకు తగినది. ప్రతి పంక్తికిని కన్సోల్ లాగ్ వ్రాసి దోషమును వెదకువారు ఈ విద్యను ఒక్క వారము అభ్యసించినను వారి పని తీరు మాఱిపోవును. ఇందొక ప్రమాదము పొంచియున్నది. సర్వరునందలి ప్రోగ్రామును ఇంటినుండి చూడవలెనను ఆత్రుతతో చిరునామాను 0.0.0.0 అని మార్చి, ఆ పోర్టును లోకమునకెల్ల తెఱచినచో, దారిన పోవు ఎవడైనను ఆ సర్వరుపై తన కోడును నడుపగలడు. “ఇన్‌స్పెక్ట్‌ను సర్వరులో ఎట్లు వాడుదువు?” అను ప్రశ్నకు సరియైన ఉత్తరము, చిరునామాను కదపక, ఎస్‌ఎస్‌హెచ్ సొరంగము ద్వారా చేరుదుననుట.

భద్రతను గుఱించి మాట వచ్చినది గనుక డీనోను స్మరింపవలెను. 2018లో బెర్లిన్‌లోనే జరిగిన సభలో రయన్ డాల్ తాను సృజించిన నోడ్‌లో తనకు పశ్చాత్తాపము కలిగించు పది అంశములను విడమర్చి చెప్పి, డీనోను పరిచయము చేసెను. అందలి ప్రోగ్రామునకు సహజముగా ఫైళ్లు చదువు హక్కు గాని నెట్‌వర్కును తాకు హక్కు గాని లేదు. ‘అలౌ రీడ్’, ‘అలౌ నెట్’ వంటి ఆప్షనులతో ఒక్కొక్క హక్కును మనము దానము చేయవలెను. 2023లో వచ్చిన 20వ వెర్షనుతో నోడ్ సైతము ప్రయోగరూపమున ఇట్టి అనుమతుల పద్ధతిని చేర్చుకొనెను. ఊరు పేరు తెలియని ప్యాకేజీలను వందల కొలది దింపుకొను ఈ కాలమున ఈ భావన రానురాను బలపడునని నా ఊహ; నేర్చుకొనువారు ఒక సాయంకాలము డీనోతో గడిపి, అనుమతి ఇయ్యనిచో ఏమగునో స్వయముగా చూచుట మంచిది.

రెజ్యూమె రచనలో ఈ జ్ఞానమును ఎట్లు ప్రదర్శింపవలెను? ‘నోడ్‌లో నిష్ణాతుడు’ అనుట వలన ఏమియు తెలియదు. తక్‌పట్టీ లెక్కకై ఆప్షనులు గల కమాండ్ లైన్ ప్రోగ్రామును వ్రాసితిననియు, తెలుగు తేదీలు, లక్షల కామాలు చూపితిననియు, దానికి పరీక్షలు వ్రాసి ఇన్ని తప్పులు పట్టితిననియు ఒక్క వాక్యమున వ్రాసినచో, పరీక్షకుని ప్రశ్నలు మీకు తెలిసిన చోటనే మొదలగును. ఆప్షనులను బట్టీపట్టవలదు, వీ8 ఇంజను ఆప్షనులే వందల కొలది యున్నవి, వానిని కంఠస్థము చేసినవాడు ఉద్యోగము చేయువారిలోను ఉండడు. గుర్తులేనిదానిని “హెల్ప్‌లో చూచి చెప్పుదును” అని నిస్సంకోచముగా అనుట తప్పు గాదు. ఉద్యోగమున చేరిన మొదటి దినమున చేయదగినది, ప్రాజెక్టునందలి ప్యాకేజ్ జేసన్ ఫైలును తెఱచి, ‘స్క్రిప్ట్స్’ అను భాగములో పూర్వులు ఏ యే ఆప్షనులు పెట్టిరో, ఏల పెట్టిరో విచారించుట. అందు ఒక్కొక్కటి వెనుక ఎప్పుడో జరిగిన ఉపద్రవ మేదియో దాగియుండును. సీనియర్లను దానిని గుఱించి అడిగినచో ఉత్సాహముగా చెప్పుదురు.

పట్టా విషయమున ఈ విద్య పక్షపాతము చూపదు. పాలిటెక్నిక్ చదివినవానికిని, ఆన్‌లైను ప్రవేశపద్ధతియగు దోస్త్ ద్వారా డిగ్రీ కళాశాలలో బీఎస్సీ కంప్యూటర్స్ చేరినవానికిని, బీటెక్ వానికిని టెర్మినల్ ఒక్కటే. రాష్ట్రప్రభుత్వపు టాస్క్ సంస్థ కళాశాల విద్యార్థులకు నైపుణ్యశిక్షణ నిచ్చుచున్నది. 2023లో మహబూబ్‌నగరమునందును నల్లగొండయందును ఐటీ టవర్లు ప్రారంభమైనవి. అవి హైదరాబాదునకు సాటి రావు, వానినే నమ్ముకొని కూర్చుండుమని ఎవరికిని చెప్పజాలను. కాని ఇంటికి చేరువ మొదటి అనుభవము సంపాదింపగోరువారు విచారించుటలో నష్టము లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమున తెలుగునాట చిరకాలముగ కృషి చేయుచున్న స్వేచ్ఛ సంస్థవారి కార్యశాలలు సైతము లినక్స్, గిట్ నేర్చుటకు ఉపకరించును.

చివరగా, అనుభవము లేనిదే ఉద్యోగము రాదు, ఉద్యోగము లేనిదే అనుభవము రాదని వాపోవువారికి రెండు ద్వారములు చూపుదును. నోడ్ ఆప్షనులను వివరించు గ్రంథము గిట్‌హబ్‌లో, నోడ్ మూలకోడుతో బాటు, సామాన్యమైన టెక్స్టు ఫైలుగ నున్నది. అందొక వాక్యము అస్పష్టముగ నున్నదని తోచినచో, దానిని సవరించి పుల్ రిక్వెస్టు రూపమున ఎవరైనను పంపవచ్చును, సమీక్షకులు బహిరంగముగనే చర్చింతురు, అంగీకరించినచో పంపినవాని పేరు చరిత్రలో నిలుచును. రెండవది తెలుగు చదివినవారికి ప్రత్యేకము. నోడ్ ముద్రించు తెలుగు నెలల పేర్లు, వారముల పేర్లు, సంఖ్యల రీతులు ఐసీయూ ద్వారా యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ అను భాషాసమాచార నిధినుండి వచ్చుచున్నవి. ఆ నిధిలో ఏ రూపముండవలెనో సర్వే టూల్ అను సాధనమున పాల్గొనువారి ఓట్లను బట్టి నిర్ణయమగును, అందు పాల్గొనుటకు తెలుగు బాగుగ తెలిసినవారెవరైనను దరఖాస్తు చేసికొనవచ్చును.